పలుగురాయి ఊరు



1850 మార్చిలో ఆస్ట్రేలియా ఆగ్నేయ భాగంలో విలియం కాంప్‌బెల్ అనే గొర్రెల ఆసామికి ఒక పలుగురాయిలో బంగారం కనిపించింది. ఆ సంగతి ఆయన బయటికి పొక్కనివ్వలేదు. రాయి దొరికిన చోటు డోనాల్డ్ కామెరాన్ అనే ఆసామి మేతభూమి. 1839లో గొర్రెల మందలతో వచ్చి అక్కడ స్థిరపడ్డ కామెరాన్, స్కాట్లండ్‌లోని ఒక చోటి పేరునే తన భూమికి పెట్టుకున్నాడు. ఆ పేరు క్లూన్స్. ఆ రోజుల్లో అక్కడి ఆసాములకు సంపదంటే ఉన్ని. బంగారం మాట బయటపడితే ఎక్కడెక్కడి జనమో పలుగూ పారా పట్టుకుని వచ్చిపడతారు. కాపరులు మందలను వదిలేసి వాళ్ళ వెంట పోతారు. మేత నాశనమవుతుంది. ఆ భయంతోనే ఏడాదికి పైగా ఆ రహస్యం నలుగురైదుగురి నోళ్ళు దాటలేదు.

ఇవాళ నేను మీకు చెప్పదలచుకున్నది ఆ క్లూన్స్ ఊరి గురించే. విక్టోరియా రాష్ట్రంలో, మెల్‌బోర్న్ నగరానికి వాయవ్యంగా దాదాపు 140 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. ఇప్పుడు జనాభా రెండు వేల లోపే. మన లెక్కలో ఓ మాదిరి పల్లె. అయినా విక్టోరియా బంగారపు వేట కథ చెప్పేవాళ్ళెవరైనా ఈ ఊరి పేరుతోనే మొదలుపెట్టాలి. నాకు ఈ ఊరి మీద ఇంత ఆసక్తి కలగడానికి కారణం మాత్రం బంగారం కాదు. ఈ ఊరు ఎంతో గర్వపడదగిన రోజు, ఎంతో సిగ్గుపడదగిన రోజు, రెండూ ఒకటే. ఆ రోజును ఈ ఊరు ఎలా మోస్తోందన్నదే నన్ను పట్టుకున్న విషయం. అక్కడికి వస్తాను. ముందు బంగారం సంగతి చూద్దాం.

1851 మే నెలలో పక్కనున్న న్యూసౌత్‌వేల్స్‌లో బంగారం దొరికిందని ఎడ్వర్డ్ హార్‌గ్రేవ్స్ ప్రకటించాడు. మెల్‌బోర్న్ కూలీలు, గుమాస్తాలు, నావికులు పనులు వదిలి అటు పరుగు తీశారు. ఊరు ఖాళీ అయిపోతుందని హడలిపోయిన మెల్‌బోర్న్ వర్తకులు ఒక కమిటీగా చేరి, తమ నగరానికి దగ్గర్లో బంగారం చూపించినవాళ్ళకు 200 గినీల బహుమానం ప్రకటించారు. ఆ ఏడాది జూలై 1న విక్టోరియా న్యూసౌత్‌వేల్స్ నుంచి విడిపోయి వేరే వలసరాజ్యంగా ఏర్పడింది. కొత్త ప్రభుత్వానికి ఖజానా లేదు, జనం నిలవడం లేదు. సరిగ్గా ఆ వారాల్లోనే క్లూన్స్ గుట్టు రట్టయింది.

బయటపెట్టింది కాంప్‌బెల్ కాదు. జార్జ్ హెర్మన్ బ్రూన్ అనే జర్మన్ వైద్యుడు ఒకాయన ఉండేవాడు. రాళ్ళ శాస్త్రం తెలిసినవాడు. ఆ ప్రాంతమంతా తిరుగుతూ రాళ్ళను పరీక్షించేవాడు. కామెరాన్ భూమిలోని పలుగురాయి సంగతి ఆయన జేమ్స్ ఎస్‌మండ్ చెవిన వేశాడు. ఎస్‌మండ్ ఐర్లండ్‌లో పుట్టినవాడు, ఆ దారుల్లో టపా బండి నడిపినవాడు. కాలిఫోర్నియా బంగారపు వేటకు వెళ్ళి ఉత్త చేతులతో తిరిగొచ్చినవాడు. కాలిఫోర్నియా ఆయనకు బంగారం ఇవ్వలేదు గానీ, ఎలాంటి రాయిని పగలగొట్టి చూడాలో నేర్పింది. జూన్ చివర్లో కామెరాన్ భూమికి వెళ్ళి రాయి పగలగొట్టాడు. ముక్కలు తీసుకుని గీలాంగ్ రేవుకు పోయాడు. జూలై 7న అక్కడి పత్రిక, గీలాంగ్ అడ్వర్టైజర్, ఆ వార్త వేసింది. సరిగ్గా ఏ చోటన్నది మరో రెండు వారాలకు గానీ చెప్పలేదు.

తొలి బంగారం ఎవరిదన్న తగవు చాలా కాలం నడిచింది. అదే సమయంలో మెల్‌బోర్న్‌కు ఇంకా దగ్గరలో లూయీ మిషెల్ అనే ఆయనకూ దొరికింది. 1854లో శాసనసభ సంఘం ఒకటి కూర్చుని విచారించి కాంప్‌బెల్‌కు, ఎస్‌మండ్‌కు, మిషెల్ బృందానికి తలా వెయ్యి పౌండ్లు, దారి చెప్పిన డాక్టర్ బ్రూన్‌కు 500 పౌండ్లు ఇవ్వాలని సిఫార్సు చేసింది. దాచినవాడికీ బయటపెట్టినవాడికీ సమానంగా పంచమన్నారన్నమాట. నాకైతే ఇందులో డాక్టర్ బ్రూన్‌కే ఎక్కువ దక్కాల్సిందనిపిస్తుంది. తెలిసిన విషయాన్ని మూట కట్టుకోకుండా పదిమందికీ చెప్పినవాడాయన.

ఇక్కడ ఒక మాట తప్పకుండా చెప్పాలి. కామెరాన్ భూమి అంటున్నామే, అది అంతకు ముందు వేల ఏళ్ళుగా జాజా వురుంగ్ జాతివాళ్ళ నేల. బంగారం కంటే ముందే గొర్రెలు వాళ్ళ నీళ్ళ మడుగులను, దుంపలు తవ్వుకునే మైదానాలను మింగేశాయి. తర్వాత గనులొచ్చి మట్టినే తిరగేశాయి. ఆ నేలను వాళ్ళ వారసులు ఈనాడు తలకిందులైన నేల అంటారు. లోపలి మట్టి పైకొచ్చి, పైమట్టి అడుగుకు పోయి, వాగులు పూడిపోయిన నేల. 2013లో విక్టోరియా ప్రభుత్వం వాళ్ళతో ఒప్పందం చేసుకుని, ఆ నేలకు సంప్రదాయ హక్కుదారులు వాళ్ళేనని గుర్తించింది. బంగారపు వేట వారసత్వమంటే ఇది కూడా.

సరే, వార్త బయటపడింది. మరి క్లూన్స్‌కు జనం విరుచుకుపడ్డారా? కొన్ని వారాలు మాత్రమే. ఇక్కడి బంగారం వాగు ఇసకలో లేదు, పలుగురాయి కడుపులో ఉంది. తట్టలో మట్టి కడిగి రేణువులు ఏరుకునే ఒంటరి మనిషికి ఆ రాయి లొంగదు. ఆగస్టులో దక్షిణాన 35 కిలోమీటర్ల దూరంలోని బల్లరాట్‌లో మట్టిలోనే బంగారం దొరకగానే అందరూ అటు పోయారు. ఆ వేట ఎంత ఉద్ధృతంగా సాగిందంటే, 1852 మొదట్లో మెల్‌బోర్న్‌లోని 40 మంది పోలీసుల్లో ఇద్దరే కొలువులో మిగిలారట. 1851లో 77 వేలున్న విక్టోరియా జనాభా పదేళ్ళలో 5 లక్షల 40 వేలకు చేరింది. ఆ పదేళ్ళలో ప్రపంచంలో తవ్విన బంగారంలో మూడో వంతుకు పైగా అక్కడిదే.

తొలి బంగారం బయటపడ్డ క్లూన్స్ మాత్రం కొంతకాలం నిశ్శబ్దంగా ఉండిపోయింది. దాని వంతు రావాలంటే పెట్టుబడి రావాలి. అది లండన్ నుంచి వచ్చింది. పోర్ట్ ఫిలిప్ కంపెనీ 1857లో క్లూన్స్‌లో పని మొదలుపెట్టింది. షాఫ్టులు దించింది. రాయి దంచడానికి ఆవిరితో నడిచే మిల్లు కట్టింది. ఆ మిల్లు ఎలా ఉంటుందో మన ఇళ్ళలో వడ్లు దంచిన అమ్మమ్మలకు చెబితే ఇట్టే తెలిసిపోతుంది. వరసగా ఇనుప రోకళ్ళు. ఒక్కొక్కటి మణుగుల బరువు. ఇరుసు తిరుగుతుంటే ఒకటి లేస్తుంది, ఒకటి పడుతుంది. కింద రాయి పిండి అవుతుంది. ఆ పిండిని నీళ్ళతో పారించి, దుప్పట్ల మీదుగా, పాదరసం మీదుగా పోనిస్తే బరువైన బంగారం పట్టుబడుతుంది. ఈ దంపుడు రాత్రీ పగలూ సాగేది. ఆ ఊళ్ళో పుట్టిన పిల్లలు ఆ చప్పుడులోనే పెరిగారు. దాదాపు నలభై ఏళ్ళలో ఆ ఒక్క కంపెనీయే 5 లక్షల ఔన్సులకు పైగా బంగారం తీసింది.

ఈ తేడాను కాస్త గుర్తుంచుకోండి, మిగతా కథంతా దీని మీదే ఆధారపడి ఉంది. బల్లరాట్ తొలి రోజుల్లో ప్రతివాడూ తనకు తానే యజమాని. నెలకు 30 షిల్లింగులు లైసెన్సు కట్టి, తన గుంట తాను తవ్వుకునేవాడు. ఆ లైసెన్సు వసూళ్ళ దౌర్జన్యం మీదే 1854 డిసెంబరు 3న యురేకా తిరుగుబాటు జరిగింది. దాదాపు 30 మంది చనిపోయారు. తిరుగుబాటుదారులకు నాయకుడు పీటర్ లాలర్ అనే ఐరిష్ యువకుడు. ఆ పోరులో తగిలిన గాయానికి ఆయన చెయ్యి తీసేయాల్సి వచ్చింది. మన ఎస్‌మండ్ కూడా ఆ పోరులో ఉన్నాడు. క్లూన్స్‌లో అలా కాదు. ఇక్కడ మొదటినుంచీ కూలికి దిగే గనికార్మికులు. షిఫ్టు, మేస్త్రీ, వారం జీతం. బంగారం వాటాదార్లది. రాయి పిండి అయ్యేటప్పుడు లేచే దుమ్ము మాత్రం కార్మికుడి ఊపిరితిత్తులది.

1870ల నాటికి ఊరు నిలదొక్కుకుంది. ఫ్రేజర్ వీధికి రెండు పక్కలా దుకాణాలు, బ్యాంకులు, హోటళ్ళు, చర్చిలు, ఒక పెద్ద టౌన్ హాలు. గనికార్మికుల్లో ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ నుంచి వచ్చినవాళ్ళు చాలామంది. భూమి కింద పనిలో వాళ్ళను మించినవాళ్ళు లేరని పేరు. కుటుంబాలతో వచ్చినవాళ్ళు, ఆదివారం ప్రార్థనకు వెళ్ళే అలవాటున్నవాళ్ళు.

1873లో లోథేర్ అనే కంపెనీ గనిలో తగాదా వచ్చింది. కార్మికులు అడిగింది జీతం పెంపు కాదు. శనివారం మధ్యాహ్నంతో వారం పని ముగియాలన్నారు. శనివారం మధ్యాహ్నం, ఆదివారం రాత్రి షిఫ్టులకు దిగబోమన్నారు. కంపెనీ ససేమిరా అంది. సమ్మె మొదలైంది. వారాల తరబడి సాగింది. ఊరు ఊరంతా కార్మికుల వెనకే. గనికార్మికుల సంఘానికి అధ్యక్షుడు ఊరి మేయరే. దుకాణదారులు అప్పిచ్చారు. కంపెనీ డైరెక్టర్లు అప్పుడు ఒక ఉపాయం ఆలోచించారు. బల్లరాట్, క్రెస్విక్ ఊళ్ళలో ఉన్న చైనీయులను తక్కువ కూలికి తెచ్చి గనిలోకి దించుదామనుకున్నారు. ఆ డైరెక్టర్లలో ఒకరి పేరు పీటర్ లాలర్. అవును, యురేకాలో ప్రభుత్వానికి ఎదురు నిలిచి చెయ్యి పోగొట్టుకున్న ఆ లాలరే. పందొమ్మిదేళ్ళలో ఆయన శాసనసభ్యుడూ గని వాటాదారూ అయ్యాడు.

చైనీయుల సంగతి కొంచెం చెప్పాలి. 1850ల్లో దక్షిణ చైనా పల్లెల నుంచి వేలమంది వచ్చారు. దారి ఖర్చు అప్పు చేసి, ఆ అప్పు బంగారంతో తీర్చాలని వచ్చినవాళ్ళే ఎక్కువ. వాళ్ళను రానివ్వకుండా చేయాలని విక్టోరియా 1855లో తలకు 10 పౌండ్ల పన్ను వేసింది. ఆ పన్ను తప్పించుకోవడానికి వాళ్ళ ఓడలు పక్క రాజ్యంలోని రోబ్ అనే రేవులో ఆగేవి. అక్కడి నుంచి బంగారు భూములకు నాలుగైదు వందల కిలోమీటర్లు కావళ్ళు మోసుకుని కాలినడకన వచ్చేవారు. తెల్లవాళ్ళు తవ్వి వదిలేసిన గుంటల్లో మట్టి మళ్ళీ కడిగి బతికారు. కూరగాయలు పండించి గనుల ఊళ్ళకు అమ్మారు. 1873లో తక్కువ కూలికి ఒప్పుకున్నారంటే, ఇరవై ఏళ్ళుగా వాళ్ళకు ఎక్కువ కూలి ఇస్తామన్నవాళ్ళు లేకపోబట్టి.

1873 డిసెంబరు 9. రైలు ఇంకా రాలేదు, మరుసటి ఏడాది వచ్చింది. అందుకని చైనీయులను గుర్రపు బళ్ళలో ఎక్కించి, పోలీసులను తోడిచ్చి, బల్లరాట్ రోడ్డున పంపారు. కబురు ముందే అందింది. క్లూన్స్‌లో గంటలు మోగాయి. వెయ్యిమందికి పైగా రోడ్డు మీదికొచ్చారు. ఆడవాళ్ళు, పిల్లలు కూడా. రోడ్డుకు అడ్డంగా బళ్ళు, కలప, రాళ్ళు పేర్చారు. బళ్ళు దగ్గరికి రాగానే రాళ్ళ వర్షం కురిపించారు. పోలీసులు తుపాకులు ఎత్తినా జనం కదల్లేదు. కాసేపటికి బళ్ళు వెనక్కి తిరిగి బల్లరాట్‌కు వెళ్ళిపోయాయి. కంపెనీ దిగొచ్చింది. కార్మికులు తమ శనివారం మధ్యాహ్నాన్ని గెలుచుకున్నారు.

ఈ రోజునే గర్వమూ సిగ్గూ కలిసిన రోజు అన్నాను. మరుసటి ఏడాదే, 1874లో, ఆ ప్రాంతపు గనికార్మికుల సంఘాలన్నీ ఏకమయ్యాయి. క్రెస్విక్‌కు చెందిన విలియం స్పెన్స్ నాయకత్వంలో ఆ సమాఖ్య తర్వాతి ఏళ్ళలో ఆస్ట్రేలియా కార్మికోద్యమానికే వెన్నెముక అయింది. ఈనాడు ఆస్ట్రేలియాలో వారాంతపు సెలవు అనుభవించే ప్రతి ఉద్యోగీ, అందులో మన తెలుగు పిల్లలు వేలమంది ఉన్నారు, ఇలాంటి సమ్మెలకు రుణపడి ఉన్నారు. అదే సమయంలో, ఆ రాళ్ళు తగిలింది డైరెక్టర్లకు కాదు. బళ్ళలో ఒదిగి కూర్చున్న పరాయి దేశపు కూలీలకు. కార్మికుల ఐక్యత అన్న మాటలో చైనీయుడికి చోటు లేదని ఆ రోజు రోడ్డు మీద తేలిపోయింది. అక్కడి నుంచి 1901లో దేశం మొత్తానికీ చట్టమై కూర్చున్న తెల్ల ఆస్ట్రేలియా విధానం దాకా దారి సాఫీగానే సాగింది. ఆ విధానం పోయాకే మనవాళ్ళు పెద్ద సంఖ్యలో ఆ దేశానికి వెళ్ళగలిగారు.

కొందరు చరిత్రకారులు ఆ రోజును జాతి ద్వేషం కథగా చెబుతారు. కొందరు సమ్మె భంగానికి ఎదురు తిరిగిన కార్మికుల కథగా చెబుతారు. నా అభిప్రాయం అడిగితే, రెంటినీ విడదీయడానికి లేదు. ఆ కార్మికులు న్యాయమైన కోరిక కోసమే నిలబడ్డారు. తెల్ల కార్మికులను వేరే ఊరి నుంచి తెచ్చినా అడ్డుకునేవాళ్ళే. కానీ అంత మంది, అంత ఉత్సాహంగా, పిల్లల చేత కూడా రాళ్ళు వేయించేవాళ్ళా? నేను నమ్మలేను. మనం ఈనాడు చదివే కథంతా రాళ్ళు వేసినవాళ్ళ వైపు నుంచో, పోలీసుల వైపు నుంచో, పత్రికల వైపు నుంచో వచ్చిందే. బల్లరాట్‌కు తిరిగి వెళ్ళిన ఆ మనుషులు ఆ రాత్రి ఏమనుకున్నారో వాళ్ళ నోటి నుంచి విని రాసుకున్నవాళ్ళు లేరు.

ఆలస్యంగానైనా ఒక పని జరిగింది. 2017 మేలో చైనీయ మూలాలున్న కొందరు ఆస్ట్రేలియన్లు తమ పూర్వీకుల దారి పట్టారు. రోబ్ రేవు నుంచి మెల్‌బోర్న్ శాసనసభ దాకా నడిచారు. అప్పటి ముఖ్యమంత్రి డేనియల్ ఆండ్రూస్ సభలో ఆ పాత పన్నుకు, ఆ అన్యాయపు చట్టాలకు ప్రభుత్వం తరఫున క్షమాపణ చెప్పారు. 160 ఏళ్ళ తర్వాత వచ్చిన క్షమాపణ ఎవరికి పనికొస్తుందని అడగవచ్చు. కాళ్ళు నొప్పెట్టేలా అంతదూరం నడిచివచ్చి ఆ మాట విన్నవాళ్ళకు పనికొచ్చిందనే అనుకుంటాను.

క్లూన్స్ గనులు ఆ తర్వాత ఇరవై ఏళ్ళు నడిచాయి. 1880ల్లో ఊరి జనాభా 6 వేలు దాటింది. షాఫ్టులు లోతయ్యేకొద్దీ నీళ్ళు తోడే ఖర్చు పెరిగింది, రాయిలో బంగారం పలచబడింది. 1890ల్లో పెద్ద కంపెనీలు ఒకటొకటిగా మూసేశారు. రోకళ్ళ చప్పుడు ఆగింది. యువకులు పడమటి ఆస్ట్రేలియాలో కొత్తగా బయటపడ్డ బంగారు భూములకు పోయారు. కొందరు ఇళ్ళు విప్పి, పలకలు బండికెత్తి తీసుకుపోయారు. మిగిలినవాళ్ళు గొర్రెలు, గోధుమలు, బంగాళదుంపలతో బతికారు. కూల్చి కొత్తవి కట్టే డబ్బు ఎవరి దగ్గరా లేదు కాబట్టి ఫ్రేజర్ వీధి ఉన్నది ఉన్నట్టు నిలిచిపోయింది. పాత బ్యాంకు భవనాలు, వసారాల దుకాణాలు, అంత వెడల్పాటి ఖాళీ వీధి. 1979 నాటి మ్యాడ్ మ్యాక్స్ సినిమాలో, 2003లో వచ్చిన నెడ్ కెల్లీ సినిమాలో ఆ వీధి కనిపిస్తుంది. పేదరికం కాపాడిన అందం అది.

కానీ సినిమావాళ్ళు నాలుగు రోజులుండి పోతారు. వీధిలో దుకాణాలు మూతబడుతూనే ఉన్నాయి. 1990ల్లో ప్రయాణికుల రైలూ ఆగిపోయింది. అప్పుడు ఊరివాళ్ళు కొందరు కూర్చుని ఆలోచించారు. వేల్స్ దేశంలో హే ఆన్ వై అనే చిన్న ఊరుంది. 1960ల్లో రిచర్డ్ బూత్ అనే ఆయన అక్కడ పాత పుస్తకాల దుకాణం పెట్టి, క్రమంగా ఊరంతటినీ పుస్తకాల ఊరుగా మార్చాడు. మన వీధి ఖాళీగానే ఉంది కదా, మనం ఎందుకు చేయకూడదు అనుకున్నారు. 2007లో ఒక్క రోజు ప్రయత్నించారు. ఇతర ఊళ్ళ పాత పుస్తకాల వ్యాపారులను పిలిచి, ఖాళీ దుకాణాల్లో, టౌన్ హాలులో, చర్చిల్లో బల్లలు వేయించారు. మెల్‌బోర్న్ నుంచి వేలమంది కార్లేసుకుని వచ్చారు. అప్పటినుంచి అది ఏటేటా జరిగే పుస్తకాల పండగ అయింది. 2012లో అంతర్జాతీయ పుస్తకాల ఊళ్ళ సంస్థ క్లూన్స్‌కు సభ్యత్వమిచ్చింది. 2011లో రైల్వే స్టేషను మళ్ళీ తెరిచారు. వీధిలో ఏడాది పొడవునా తెరిచి ఉండే పుస్తకాల దుకాణాలు వచ్చాయి. మనదేశంలో మహారాష్ట్రలోని పంచగని దగ్గర భిలార్ అనే స్ట్రాబెర్రీ తోటల పల్లె 2017లో పుస్తకాల ఊరైంది. దానికీ స్ఫూర్తి ఆ హే ఆన్ వై ఊరే.

నాకు ఇందులో నచ్చింది పుస్తకాల అమ్మకం మాత్రమే కాదు. బల్లరాట్ నుంచి వచ్చే పరాయివాళ్ళను రాళ్ళతో వెనక్కి తరిమిన ఊరు, ఈనాడు ముక్కూ మొహం తెలియని వేలమంది రావాలని ఏడాదంతా ఏర్పాట్లు చేసుకుంటోంది. వాళ్ళొస్తేనే ఆ ఊరి దుకాణంలో దీపం వెలుగుతుంది. 2025 జనవరిలో ఆస్ట్రేలియా ప్రభుత్వం విక్టోరియా బంగారు భూములను యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల ప్రతిపాదిత జాబితాలో చేర్చింది. ఆ గుర్తింపు వస్తే రేపు ఇంకా ఎక్కువమంది వస్తారు. అప్పుడు వాళ్ళకు టౌన్ హాలు గోడల అందం చూపించినంత శ్రద్ధగా ఆ డిసెంబరు రోజు కథనూ చెప్పాలని నా కోరిక.

ఇంత దూరపు ఊరి కథ మనకెందుకు అనుకునేవాళ్ళకు ఒక సంగతి చెబుతాను. 1860ల్లో విక్టోరియా బంగారం తగ్గుముఖం పట్టగానే అక్కడి గనికార్మికులు న్యూజిలాండ్‌కు పరుగు తీశారు. ఆ రోజుల్లో న్యూజిలాండ్‌లో సైనికుడిగా పనిచేసిన మైకేల్ లావెల్ అనే ఐరిష్ ఆయన బంగారపు భూములెలా ఉంటాయో తెలుసుకున్నాడు. తర్వాత బెంగళూరు చేరాడు. 1871లో ఎద్దుల బండి కట్టించుకుని కోలార్ వైపు వెళ్ళి, పాత గుంటలు చూసి, మైసూరు ప్రభుత్వం దగ్గర అనుమతి సంపాదించాడు. 1880లో లండన్ నుంచి జాన్ టేలర్ కంపెనీ వచ్చింది. కార్న్‌వాల్ మనుషులూ వచ్చారు. అదే కోలార్ బంగారు గనులు. మనందరి నోట కేజీఎఫ్.

అక్కడ దిగిన మనుషుల్లో తమిళులు, కన్నడిగులతో పాటు కుప్పం, వి.కోట, పలమనేరు వైపు నుంచి వెళ్ళిన మన తెలుగువాళ్ళు ఎంతోమంది. మూడు కిలోమీటర్లకు పైగా లోతు. రాయి ఒత్తిడికి పేలి మీద పడేది. ఆ గనుల నుంచి 800 టన్నులకు పైగా బంగారం వచ్చింది. 2001 ఫిబ్రవరి 28న మూసేశారు. మిగిలినవి సైనైడ్ దిబ్బలు, కూలీ లైన్లు, తెల్లవారుజామున బెంగళూరుకు పనికోసం రైలెక్కే జనం. మన చిత్తూరు జిల్లాలో చిగురుకుంట, బిసానత్తం గనులదీ, అనంతపురం వైపున్న రామగిరిదీ అదే గతి. రామగిరి కొండల మీద ఇప్పుడు గాలిమరలు తిరుగుతున్నాయి. ఆ కొండ కింద బంగారం తవ్వారని పక్క జిల్లా పిల్లలకు తెలియదు.

క్లూన్స్‌ను చూసి కేజీఎఫ్‌లో పుస్తకాల దుకాణాలు పెట్టమని నేననడం లేదు. కేజీఎఫ్ పెద్ద ఊరు, దాని కష్టాలు వేరు, అక్కడి వేలమందికి కావలసింది ముందు పని. కానీ క్లూన్స్‌కు లేని భాగ్యం ఒకటి మనకుంది. లోథేర్ సమ్మె చేసిన కార్మికులు, ఆ బళ్ళలో కూర్చున్న చైనీయులు అందరూ ఎప్పుడో పోయారు. కేజీఎఫ్‌లో, రామగిరిలో షాఫ్టు దిగినవాళ్ళు ఇంకా మన మధ్య ఉన్నారు. అరవైలు, డెబ్బైలు, ఎనభైల్లో ఉన్నారు. వాళ్ళ కథను వాళ్ళ నోటి నుంచే విని రాసుకోవచ్చు. మన విశ్వవిద్యాలయాల్లో చరిత్ర శాఖలున్నాయి. కుప్పంలో ద్రవిడ విశ్వవిద్యాలయం కేజీఎఫ్‌కు దగ్గర్లోనే ఉంది. తెలుగు, తమిళం, కన్నడం మూడూ తెలిసిన విద్యార్థులు అక్కడ దొరుకుతారు. ఈ పనికి వాళ్ళకంటే తగినవాళ్ళు లేరు.

మీ ఇంట్లోనే గనిలో పనిచేసిన తాతగారు ఉంటే, వచ్చే ఆదివారం ఆయన దగ్గర కూర్చోండి. ఏ షాఫ్టులో దిగారు, ఎన్నో నంబరు లెవెల్‌లో చేశారు, మేస్త్రీ ఎవరు, పక్కన పనిచేసింది ఏ ఊరివాళ్ళు, ఏ భాషవాళ్ళు, సమ్మెలు జరిగాయా, జరిగితే ఎవరు ఎటు నిలబడ్డారు, అవన్నీ అడగండి. ఆ సమ్మెల్లో బావమరిదితోనో పొరుగువాడితోనో తగువు పడిన కథలుంటే అవీ చెప్పమనండి. ఫోనులో రికార్డు చేయండి. ఒక కాగితం మీద తేదీ, ఊరు, పేరు రాసి పెట్టండి. మీ దగ్గరలోని గ్రంథాలయంలోనో, కాలేజీలోనో ఒక ప్రతి ఇవ్వండి.